డ్రైవర్ గారూ అన్నందుకు

మార్చి 3, మంగళవారం

కంకర కొట్టే క్రషర్ దగ్గర లోడు కోసం వరసలో ఉన్నాను. నా ముందు పదకొండు బండ్లు. ఊరికే కూర్చుంటే ఒళ్ళు మండిపోతోంది, అందుకని ట్రిప్పుల పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీ నుంచి రాస్తున్నాను. ముందు పేజీలు అందరూ చూస్తారు. వెనక పేజీలు ఎవరికీ పట్టవు.

ఇవాళ మళ్ళీ గుట్ట మలుపు దగ్గర బండి మొరాయించింది. సెకండ్ గేరులో ఎక్కాల్సిన చోట ఫస్టులోకి దించాను. అయినా ఈడ్చుకుంటూ, నల్లటి పొగ కక్కుకుంటూ ఎక్కింది. బండ్లు తూచే కాటా దగ్గర సూపర్‌వైజర్ ముక్కు మూసుకుని, "ఏంటమ్మా, దారి పొడుగునా క్లచ్ మీద కాలేసుకుని కూర్చున్నావా?" అన్నాడు. వరసలో ఉన్న డ్రైవర్లంతా పగలబడి నవ్వారు.

క్లచ్ మీద నా కాలు లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. కొత్తది వేసి తొమ్మిది రోజులే అయింది. ఈ కంకర దారి మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే తంతు. ఇక్కడి దుమ్ము మట్టిలా ఉండదు, మొహానికి రాసుకునే పౌడర్‌లా ఉంటుంది. కనురెప్పల మీద కూర్చుంటుంది, పళ్ళ మధ్య కరకరలాడుతుంది. నాకే ఊపిరాడదు, ఇక ఇంజన్‌కి ఏం ఆడుతుంది?

మా ఆయన పద్నాలుగేళ్ళు ఇదే పికప్‌ని నున్నటి తారు రోడ్డు మీద నడిపారు. ఫిల్టర్ అనే మాట ఆ పద్నాలుగేళ్ళలో మా ఇంట్లో వినబడలేదు. కిందటేడు లోడు మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నారు. ఆ పాత బేరం చెయ్యిజారిపోయింది. ఆయన మంచం మీద ఉండగా నేను డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఈ క్రషర్ పని వెతుక్కున్నాను. ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల్లో బండి మీద ఒక్క గీత పడలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు.

వరస కదిలింది.

మార్చి 4, బుధవారం

మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నా అంటాను. ఆయన్ని బావ అంటాడు. ఇంత చుట్టరికమూ బండి వల్లే వచ్చింది.

"మామూలు ఫిల్టర్ ఈ దుమ్ముకి ఆగదు చెల్లెమ్మా. ఇంకాస్త గట్టిది చూడాలి. బావని ఒకసారి పంపు, మాట్లాడుకుంటాం."

"బండి నడిపేది నేను కదన్నా. నాతో మాట్లాడు."

"అదేలే. నీతోనే కదా మాట్లాడుతున్నా. అయినా బావ ఒకమాట చెబితే…"

ఆ "అదేలే" ఉందే, అది వింటే నాకు కడుపు మండుతుంది.

మార్చి 6, శుక్రవారం

ఇవాళ జరిగింది ఎవరితోనూ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడే కక్కేస్తాను.

స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళాను. బండి మోడల్ చెప్పాను. ఏ సంవత్సరందో చెప్పాను. పాత ఫిల్టర్ అంచు మీద ఉన్న నంబరు కాగితం మీద రాసుకెళ్ళి ఇచ్చాను. దీనికన్నా గట్టిది, దుమ్ములో తిరిగే బండికి పనికొచ్చేది కావాలన్నాను. షాపాయన అంతా విని, కళ్ళజోడు సర్దుకుని, "సార్ రాలేదా?" అన్నాడు.

"రాలేదు."

"సార్ ఉంటే బాగుండేది. ఇందులో చాలా రకాలున్నాయి."

"ఏ రకాలో చెప్పండి. నేను చూసుకుంటాను."

చెప్పలేదు. ఫోన్ తీసి ఆయనకి చేశాడు! నా మొగుడి నంబరు అతని దగ్గర ఉంది. నేను ఎనిమిది నెలలుగా ఆ షాపులో అన్నీ కొంటున్నాను, నా నంబరు లేదు. ఇద్దరూ పది నిమిషాలు హాయిగా మాట్లాడుకున్నారు. నడుం ఎలా ఉంది, డాక్టరేమన్నాడు, ఎండలెలా ఉన్నాయి. చివరికి ఫిల్టర్. "అలాగే సార్. పేపర్‌దే. పెద్ద సైజు. ముందు దుమ్ముగిన్నె ఉన్న సెట్టు. అలాగే సార్." నేను కౌంటర్ ముందు సిమెంటు బస్తాలా నిలబడి ఉన్నాను.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "సార్ చెప్పారమ్మా, ఇది తీసుకెళ్ళమన్నారు" అన్నాడు.

తీసుకోలేదు. వచ్చేశాను.

ఇంటికి రాగానే ఆయన, "తెచ్చావా?" అన్నారు.

"తేలేదు. అతను మీకు ఫోన్ చేస్తే, బండి దాని చేతిలో ఉంది, దాన్నే అడుగు అని ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్పింది మంచిదేగా. గాలి ముందు గిన్నెలో సుడి తిరుగుతుంది, బరువు దుమ్మంతా అందులోనే రాలిపోతుంది, మిగిలిన సన్నటిది పేపరు ఆపుతుంది."

"మంచిదే కావచ్చు. నన్నెందుకు అడగలేదు అంటున్నాను."

"నీకేం తెలుసని అడగాలి?"

అన్నాక నాలిక్కరుచుకున్నారు. "అంటే ఫిల్టర్ గురించి అన్నానే, నీ గురించి కాదు" అన్నారు. కంచం ఆయన ముందు పెట్టి నేను బయట మెట్ల మీద కూర్చుని తిన్నాను.

మార్చి 9, సోమవారం

కొన్నాను. నేనే వెళ్ళాను, నేనే ఎంచుకున్నాను.

బైపాస్ పక్కన కొత్తగా అద్దాల షాపు పెట్టారు. లోపల ఏసీ. చొక్కా మీద టై కట్టుకున్నాయన ఒకడు తలుపు తీసి, నా చేతిలో తాళాలు చూసి, "రండి డ్రైవర్ గారూ" అన్నాడు.

ఎవరినంటున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

కుర్చీ వేశాడు. క్రషర్‌లో తిప్పుతానని చెప్పాను. ఎంత లోడు వేస్తారు, ఎత్తు ఎక్కడ వస్తుంది, ఏ గేరులో బరువు తెలుస్తుంది, అన్నీ అడిగాడు. నేను చెబుతుంటే రాసుకున్నాడు కూడా. ఈ ఎనిమిది నెలల్లో నన్ను ఎవరైనా గేరు గురించి అడిగారా? కాలు ఎక్కడ పెట్టానని అడిగారు గానీ!

ఫిల్టర్ చూపించాడు. ఎర్రటి అంచు, తీగజల్లెడ, లోపల నూనె రాసిన దూది. "మామూలు పేపర్ ఇంజన్ గొంతు నులుముతుంది డ్రైవర్ గారూ. ఇది ఊపిరి పోస్తుంది. పారేసే పని లేదు, ఉతుక్కుని నూనె రాసుకుని మళ్ళీ వేసుకోవడమే" అన్నాడు. లైటుకి ఎత్తిపట్టి చూపించాడు. అవతల లైటు చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. గాలి ఎంత ధారాళంగా పోతుందో! బండిలో ఉన్న పాత ఫిల్టర్ డబ్బాలోనే సరిగ్గా పట్టింది. తనే బిగించి ఇచ్చాడు.

ఫిల్టర్ పెట్టి ఇచ్చిన ఎర్ర అట్టడబ్బా కింద ఏదో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. తీరిగ్గా చదువుతాను. డబ్బాని సీటు కింద పెట్టాను. ఇంట్లోకి తీసుకెళితే ఇంకో ఉపన్యాసం వినాలి.

మార్చి 10, మంగళవారం

గుట్ట మలుపు సెకండులో ఎక్కింది. పొగ లేదు. సూపర్‌వైజర్ ముక్కు మూసుకోలేదు.

మార్చి 11, బుధవారం

ఖాళీగా వెళ్ళేటప్పుడు థర్డులో! యాక్సిలరేటర్ తొక్కితే చాలు, ఈలేసుకుంటూ లేస్తోంది.

మార్చి 14, శనివారం

బండి ఆపి దిగేసరికి ఆయన వాకిట్లో చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. మంచం దిగి పది అడుగులు వేయడానికి ఆపసోపాలు పడే మనిషి, ఇంజన్ చప్పుడు వింటే మాత్రం గుమ్మం దాకా వచ్చేస్తారు.

"ఈల ఎక్కువైంది. ఏం వేశావ్?"

"షాపులో ఇచ్చింది వేశాను."

ఇది అబద్ధం కాదు. షాపులో ఇచ్చిందే.

"దుమ్ముగిన్నె ఉన్నదేనా?"

"చెప్పానుగా."

కాసేపు బానెట్ వైపు చూసి, "వారానికోసారి ఫిల్టర్ వెనక పైపు విప్పి, లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడు. గుడ్డకి ఏమీ అంటకూడదు. అంటిందంటే దుమ్ము ఇంజన్‌లోకి పోతున్నట్టే. ఏ ఫిల్టర్ అయినా సరే" అన్నారు.

పరీక్ష పెడుతున్నారు నాకు. బండి బాగా లాగుతోంది, మనిషికి అది నచ్చడం లేదు.

మార్చి 19, గురువారం

వరసలో ఉండగా పైపు విప్పి తుడిచాను. గుడ్డ మీద బూడిదరంగు చార. నా వేళ్ళకి ఉన్న దుమ్మే అయ్యుంటుంది. చేతులు కడుక్కోలేదు.

మార్చి 27, శుక్రవారం

చేతులు సబ్బుతో కడుక్కుని తుడిచాను. మళ్ళీ చార. పైపులో పాత దుమ్ము ఉండిపోయి ఉంటుంది. పద్నాలుగేళ్ళ బండి కదా.

అయినా అద్దాల షాపాయనకి ఫోన్ చేశాను. "అబ్బే, ఏం ఫర్వాలేదు డ్రైవర్ గారూ. నూనె ఇంకాస్త ఎక్కువ రాయండి, పట్టేస్తుంది" అన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడతాడో. మన మెకానిక్ అన్నకి, పార్టుల షాపాయనకి ఇతని దగ్గర నాలుగు రోజులు ట్రైనింగ్ ఇప్పించాలి.

ఏప్రిల్ 2, గురువారం

తుడిచి చూడలేదు. టైం లేదు.

ఏప్రిల్ 3, శుక్రవారం

టైం లేదు.

ఏప్రిల్ 9, గురువారం

ఇంజన్ ఆయిల్ కిందికి దిగింది. పోశాను. ఎండలకి కావచ్చు.

గుట్ట సెకండులోనే ఎక్కుతోంది. థర్డు సంగతి అంటారా, ఖాళీ బండికి థర్డు ఎందుకు, తొందరేముంది?

ఏప్రిల్ 16, గురువారం

మెకానిక్‌తో గొడవైంది. నా తప్పేం లేదు.

వారంలో రెండుసార్లు ఆయిల్ పోయాల్సొచ్చింది. కిందటిసారి ఆయిల్ మార్చింది అతనే. పల్చటిది పోశావా అని అడిగాను. అంతే అడిగాను. కాస్త గట్టిగా అడిగాను. అతను బానెట్ ఎత్తి, ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి, నా ఎర్ర ఫిల్టర్‌ని మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, దీన్లోంచి నీ మొహం కనబడుతోంది."

"అయితే?"

"నీ మొహమే కనబడుతుంటే పిండిలాంటి దుమ్ము ఆగుతుందా? ఇది శుభ్రమైన రోడ్డు మీద సరదాగా తిరిగే బండ్లకి. క్రషర్‌కి కాదు. ఎవరు చెప్పారు నీకు ఇది వేయమని?"

"ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెబితేనే వేయాలా? నా అంతట నేను ఏదీ కొనకూడదా? ఇప్పుడు కూడా బావని పిలుచుకురమ్మంటావా?"

పక్కన బండ్ల వాళ్ళు చూస్తున్నారు. అతను ఫిల్టర్‌ని జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలో పెట్టి, క్లిప్పులు వేసి, చేతులు తుడుచుకున్నాడు.

"నేను బావ పేరెత్తలేదు" అన్నాడు.

నిజమే, ఇవాళ ఎత్తలేదు. కానీ మిగతా అన్ని రోజులూ ఎత్తాడుగా! కొత్త షాపుకి బేరాలు పోతున్నాయని వీళ్ళందరికీ కుళ్ళు.

ఏప్రిల్ 23, గురువారం

బండి ఆగిపోయింది.

గుట్ట మలుపులో, నిండు లోడుతో. ముందు ఈల కీచుమని అరిచింది, తర్వాత ఏదో గరగరలాడింది, ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లేవలేదు. వెనక తెల్లటి పొగ. అద్దంలో ఏమీ కనబడడం లేదు. ఇంజన్ ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్టు గేరులో పెట్టి, దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాను. పని సరిగ్గానే చేశాను. ఒక్క అడుగు కూడా వెనక్కి జారనివ్వలేదు. ఇది రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చెప్పుకోరు.

వెనక ఎనిమిది బండ్లు నిలిచిపోయాయి. హారన్లే హారన్లు. సూపర్‌వైజర్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. పొగ చూశాడు, నన్ను చూశాడు, దిగిన డ్రైవర్లందరికీ వినబడేట్టు, "ఆడవాళ్ళ చేతికి బండి ఇస్తే ఇంతే" అన్నాడు.

ఇన్ని రోజులుగా జవాబులు నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్న దాన్ని, ఒక్క మాట రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. లారీ నడిపే పెద్దాయన ఒకాయన తాడు కట్టి నా బండిని పక్కకి లాగిపెట్టాడు. "ఇంజన్ వేడెక్కుతుందమ్మా, ఎవరికైనా జరిగేదే" అన్నాడు. ఆ మంచిమాటకి ఏడుపు ఆగలేదు. ఎవరికైనా జరిగేది కాదిది.

సీటు కింద నుంచి ఎర్ర డబ్బా తీసి చదివాను. ఆరువారాలు నా కాళ్ళ కిందే ఉంది. "దుమ్ము ఎక్కువగా ఉండే గనులు, క్రషర్లు, మట్టిరోడ్లలో వాడరాదు." ఒక్క వాక్యం. చదవడానికి ఎంతసేపు పడుతుంది?

తప్పు నాదే. కానీ అతను అన్న తప్పు కాదు. ఆడదాన్నని జరగలేదిది. నేను అది చదవలేదు, గుడ్డ మీద చార చూసి కళ్ళు మూసుకున్నాను, అందుకు జరిగింది. మగాడు ఇదే పని చేసి ఉంటే "పాపం, షాపువాడు మోసం చేశాడు" అనేవాళ్ళు. నేను చేస్తే ఆడజాతంతా చేసినట్టు. ఈ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. తప్పు చేసిన మనిషికి కోపగించుకునే హక్కు ఉంటుందా? ఉంటుంది. నాకుంది.

ఏప్రిల్ 24, శుక్రవారం

బండిని మెకానిక్ అన్న దగ్గరికి లాగించుకెళ్ళాను. మొన్న అన్న మాటలకి తప్పైపోయిందన్నాను. "ఆ ఫిల్టర్ తియ్యకుండా నిన్ను పంపించేశాను, నాదీ తప్పే" అన్నాడు.

టర్బో విప్పి నా చేతిలో పెట్టాడు. గాలిని లోపలికి తోసే చిన్న చక్రం. కొత్తదానికి రెక్కల అంచులు కత్తిలా ఉంటాయట. దీనివి చప్పరించి పారేసిన బిళ్ళలా అరిగిపోయి ఉన్నాయి. పిండిలాంటి ఆ దుమ్ము ఇనుముని నాకేసింది. ఆయిల్ మూత తీస్తే లోపలి నుంచి పొగ తన్నుకొచ్చిందట. అంటే ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు కూడా అరిగాయన్నమాట.

"టర్బో మారుద్దాం. ఇంజన్ ఇప్పుడే విప్పక్కర్లేదు. ఏడాది లాగొచ్చు, లాగకపోవచ్చు. ఆయిల్ మాత్రం రోజూ చూసుకోవాలి చెల్లెమ్మా."

ఈసారి బావ ఊసు రాలేదు. బావకి ఏం చెప్పాలన్నది నా తలనొప్పి.

ఏప్రిల్ 25, శనివారం

చెప్పేశాను. పొద్దున్నే, ఆయన నడక ముగించి కుర్చీలో కూర్చోగానే. అద్దాల షాపు, ఎర్ర ఫిల్టర్, గుడ్డ మీద చార, టర్బో, అన్నీ. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పాను.

ఆయన ఉలిక్కిపడలేదు. అరవలేదు. అందుకే నాకు అనుమానం వచ్చింది.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నెల దాటింది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు బానెట్ ఎత్తి చూశాను."

చేతికర్ర పట్టుకుని, వంగకూడని నడుంతో వంగి, క్లిప్పులు తీసి చూశారట!

"నెల రోజులు తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నారా? ఇంజన్ అరిగిపోతుంటే?"

"చెబితే వినేదానివా?"

"వినేదాన్ని కాదు. అరిచేదాన్ని. అయినా చెప్పాలి! బండి గుట్ట మీద ఆగిపోయింది, వెనక లారీలున్నాయి, వెనక్కి జారి ఉంటే ఏమయ్యేది?"

ఆ మాటకి ఆయన మొహం పాలిపోయింది. "అంత దూరం వస్తుందనుకోలేదు" అన్నారు.

"మరెంత దూరం వస్తుందనుకున్నారు? నేను ఓడిపోవాలని చూశారా?"

నేను కదల్లేదు. జవాబు తీసుకోకుండా కదిలేది లేదనుకున్నాను.

"నేను లేకపోతే బండి నడవదని ఎవరైనా అంటే బాగుండునని అనిపించింది" అన్నారు. తర్వాత, "కొంచెం" అన్నారు.

కొంచెం!

ఏప్రిల్ 26, ఆదివారం

మాట్లాడలేదు.

ఏప్రిల్ 27, సోమవారం

మాట్లాడలేదు. "మందులు వేసుకున్నారా" అన్నాను, అది మాట్లాడటం కిందికి రాదు.

ఏప్రిల్ 28, మంగళవారం

ఫిల్టర్‌ని, అరిగిన చక్రాన్ని సంచిలో వేసుకుని అద్దాల షాపుకి వెళ్ళాను. "రండి డ్రైవర్ గారూ!" అదే నవ్వు, అదే కుర్చీ. కూర్చోలేదు. చక్రాన్ని అద్దాల బల్ల మీద పెట్టాను.

"నేను క్రషర్‌లో తిప్పుతానని మీకు చెప్పాను. మీరు రాసుకున్నారు కూడా. క్రషర్‌లో వాడకూడదని మీ డబ్బా మీదే ఉంది. ఎందుకమ్మారు?"

"నూనె సరిపడా రాసి ఉండరు డ్రైవర్ గారూ…"

"మీరు చెప్పిన దానికన్నా ఎక్కువే రాశాను. ఒక సంగతి చెప్పండి. డీజిల్ బండి ఎప్పుడైనా నడిపారా?"

టై సర్దుకున్నాడు. "లేదండీ. నాకు లైసెన్స్ లేదు. నేను సేల్స్."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. నన్ను డ్రైవర్ అని పిలిచిన మొదటి మనిషికి స్టీరింగ్ ఎలా ఉంటుందో తెలియదు. అప్పుడే తలుపు తోసుకుని ఇంకొకాయన వచ్చాడు, చేతిలో తాళాలు. "రండి డ్రైవర్ గారూ" అన్నాడు ఇతను, అదే గొంతుతో. ఆ వచ్చినాయనకి బల్ల మీద చక్రం చూపించి, డబ్బా మీది వాక్యం పైకి చదివి వినిపించాను. ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఓనరు పరుగెత్తుకొచ్చి ఫిల్టర్ వెనక్కి తీసుకుంటామన్నాడు. టర్బో మాటెత్తితే, "అది మా పరిధి కాదమ్మా" అన్నాడు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకునే దాకా అక్కడి నుంచి కదల్లేదు.

మే 4, సోమవారం

స్పేర్ పార్టుల షాపు. నన్ను చూడగానే షాపాయన చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఫోన్ మీద నా చెయ్యి పెట్టాను.

"సార్ ఇంట్లో ఉన్నారు, బాగానే ఉన్నారు. ఆ ఫోన్ ముట్టుకోకండి. గాలి ఎంత పంపుతుందో నాకొద్దు. దుమ్ము ఎంత ఆపుతుందో చెప్పండి."

చెప్పలేక డబ్బాలు తీసి బల్ల మీద పరిచాడు. మూడు విప్పించాను. మెకానిక్ అన్న దగ్గర మూడు రోజులు కూర్చుని నేర్చుకున్నది పని చేసింది. మడతలు ఎంత లోతుగా, ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాను. అంచు రబ్బరుని వేలితో చుట్టూ నొక్కాను. ఒకదానికి మూల దగ్గర గట్టిపడి ఉంది, అది పక్కన పెట్టించాను. డబ్బా మీద ప్రతి అక్షరం చదివాను. అతను ఆవలించాడు. ఆవలించనీ.

పెద్ద పేపర్ ఫిల్టరే తీసుకున్నాను, ముందు దుమ్ముగిన్నె ఉన్న సెట్టు. దాంతోపాటు లోపల ఇంకో చిన్న ఫిల్టర్ ఉండేది అడిగాను. బయటిది చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా లోపలిది కాపాడుతుంది. "అది భారీ బండ్లకమ్మా, పికప్‌కి ఎవరూ అడగరు" అన్నాడు. "నేను అడుగుతున్నాను" అన్నాను. గోడౌన్ నుంచి తెప్పించాడు.

కొత్త టర్బో ముందే వేసిన మెకానిక్ అన్న, సాయంత్రం మా ఇంటికొచ్చి ఇంజన్ పక్కన పట్టీ వేసి ఈ సెట్టు బిగించాడు. ఆయన వాకిట్లోంచి చూసి, "లోపలిది నేను చెప్పలేదే" అన్నారు.

"అవును. మీరు చెప్పలేదు."

తొమ్మిది రోజుల తర్వాత ఆయనతో ఇదే మొదటి మాట.

మే 8, శుక్రవారం

నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. గుట్ట సెకండులో ఎక్కుతోంది. దుమ్ముగిన్నెలో రోజుకి గుప్పెడు పిండిలాంటి దుమ్ము పడుతోంది. ఖాళీగా ఉన్నా థర్డులో మాత్రం ఇక ఎక్కదు. ఆయిల్ రోజూ కాస్త తాగుతోంది. ఆ అరుగుదల నేను చేసింది, అది తిరిగి రాదు.

ఇవాళ వరసలో ఉండగా లారీ పెద్దాయన వచ్చి బానెట్‌లోకి తొంగిచూశాడు. "ఏంటమ్మా ఇది, పక్కన పీపాలా ఉంది?" అన్నాడు. ఇంకో నలుగురు మూగారు. చెప్పాను. మొదట ఏ ఫిల్టర్ వేశానో, ఎందుకు నచ్చిందో, గుడ్డకి దుమ్ము అంటినా ఎలా సర్దిచెప్పుకున్నానో, చక్రం ఎలా అరిగిందో, అంతా చెప్పాను. ఒకతను నెమ్మదిగా, "నాది కూడా ఎర్రదే అక్కా" అన్నాడు. వెంటనే వెళ్ళి పైపు తుడిచి చూసుకోమన్నాను.

ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, సూపర్‌వైజర్ వెనక నుంచి, "నేను ఆరోజే చెప్పాగా" అన్నాడు.

"మీరు చెప్పింది ఆడవాళ్ళ గురించి. నేను చెబుతున్నది ఫిల్టర్ గురించి. లోడు టైమవుతోంది, పక్కకి జరగండి."

జరిగాడు. ఎవరూ నవ్వలేదు. ఎర్ర ఫిల్టర్ అతను అప్పటికే తన బండి బానెట్ ఎత్తుతున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు. ఏడాది తర్వాత ఆ నవ్వు విన్నాను. నాకు మాత్రం నవ్వు రాలేదు. పదమూడు రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగేశాను.

"ఆ కొంచెం ఇప్పుడు కూడా ఉందా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. నావైపు చూడకుండా, "ఉంది. పోతుందనుకున్నాను, పోలేదు" అన్నారు.

లేచి లోపలికి వెళ్ళిపోయాను. కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడిగాను. అబద్ధం చెప్పి ఉంటే ఈ సాయంత్రం హాయిగా గడిచిపోయేది కదా అని తిట్టుకున్నాను. ఈ రెండు నెలల్లో తియ్యటి మాట విని నేనేమయ్యానో గుర్తొచ్చి, పంపు కట్టేసి, మళ్ళీ బయటికొచ్చాను. ఆయన అలాగే కూర్చుని ఉన్నారు.

"రేపు గుట్ట దాకా నాతో రండి. పక్క సీట్లో కూర్చోండి. నోరు మాత్రం తెరవకూడదు."

"నడుం ఒప్పుకుంటుందా?"

"దిండు పెడతాను. గుంతల్లో మెల్లగా పోనిస్తాను."

ఆయన చేతికర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "నువ్వు నడుపుతుంటే నేనెప్పుడూ చూడలేదు" అన్నారు.

గుమ్మంలోనే నిలబడిపోయాను. నిజమే. నేను నేర్చుకుంటున్నప్పుడు మంచం మీద ఉన్నారు. ఆ తర్వాత వాకిట్లో నిలబడి చప్పుడు విన్నారు, బానెట్ ఎత్తి చూశారు, ఫోన్లో ఫిల్టర్లు చెప్పారు. పది నెలలుగా ఈ ఇంట్లో బండి గురించి తప్ప ఇంకో మాట లేదు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని ఉండగా ఈ మనిషి ఒక్కసారీ చూడలేదు.

పొద్దున ఆరింటికల్లా తయారుగా ఉండాలని చెప్పాను. ఆలస్యమైతే ఆగనని కూడా చెప్పాను.